అతను నడిచే వచ్చాడు

నా చేతిరాత బాగుంటుంది. గొప్ప కోసం చెప్పడం లేదు. జరిగిన అనర్థంలో దానికీ వాటా ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను. స్టాఫ్ నర్సుగా ముప్పై మూడేళ్ళు చేశాను. ఎక్కడికి బదిలీ అయినా రిజిస్టర్లు రాసే పని నా నెత్తినే పడేది. డాక్టర్ల రాత మరుసటి రోజుకి డాక్టర్లకే అర్థం కాదు. మిగతా సిస్టర్లు రాస్తే పోలీసులు వచ్చి, ఇదేంటమ్మా, ఇక్కడేం రాశారు అని అడిగేవారు. నేను రాస్తే ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండదు. అంత నీటుగా రాసిన పేజీలో అబద్ధం ఉంటుందని ఎవరనుకుంటారు?

రిటైరై ఏడాది దాటింది. మొన్న వానాకాలంలో, నేను చివరగా పనిచేసిన ఆసుపత్రిలోనే, కొత్తగా చేరిన నర్సు పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. దెబ్బ తగిలిన మనిషికి మొదటి గంటలో ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నది విషయం. నాకు కొట్టినపిండి. గంటసేపు దంచేశాను. పడ్డవాణ్ణి లేవదీసి కూర్చోబెట్టకండి, కాళ్ళూ చేతులూ పట్టుకుని మోయకండి, బండి మీద ఇద్దరి మధ్య ఇరికించి తేకండి, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మెడా నడుమూ కదలకుండా తీసుకురండి అని చెప్పాను. మన కోనసీమలో మనిషి పడ్డాడనగానే పక్కవాడు ముందు బొండం కొడతాడు, తర్వాతే అంబులెన్సుకి ఫోన్ చేస్తాడు, ఆపరేషన్ చెయ్యాల్సివస్తే ఆ బొండం నీళ్ళే గొంతుకి అడ్డం పడతాయి అన్నాను. పిల్లలు నవ్వారు. చివర్లో వెనక వరసలో కూర్చున్న ఓ అమ్మాయి లేచింది.

"మేడమ్, మీ సర్వీసులో మీరెప్పుడైనా పొరపాటు చేసేరాండి?"

"పెద్దవేమీ లేవమ్మా" అన్నాను.

చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆ శాలువా ఇంటికి తెచ్చి మంచం మీద పడేసి, దాని పక్కనే కూర్చుని ఏడ్చాను. ఆ పిల్లకి నేను చెప్పాల్సిన జవాబు ఇది. ఎవరి పేర్లూ రాయను. నా పేరు తెలిసినవాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది.

మా ఆసుపత్రి అమలాపురానికీ రాజోలుకీ మధ్య, కాలవగట్టు పక్కన ఉండేది. ముప్పై పడకలు, ఒక వరండా, వరండా పక్కన ఒక కుళాయి. ఆవరణలో పద్నాలుగు కొబ్బరిచెట్లు. నాకు శుభ్రం పిచ్చి. గచ్చు మీద తడి ఆరకుండా ఎవరైనా అడుగు పెడితే నా గొంతు కాలవ అవతలికి వినిపించేది. వెనకాల నన్ను ఫినాయిలమ్మ అనేవారని తెలుసు. తెలిసీ లోలోపల మురిసిపోయేదాన్ని. ఊళ్ళో డబ్బున్నవాళ్ళు కూడా మా వార్డు చూసి, ప్రైవేటు ఆసుపత్రిలా ఉందండీ అనేవారు. ఆ ఒక్కమాట చాలు, నాకు ఆ రోజంతా కడుపు నిండిపోయేది.

ఆ పద్నాలుగు చెట్లకీ దింపు తీసేది ఒకే మనిషి. దింపు అంటే మీలో దూరప్రాంతాల పిల్లలకి తెలియకపోవచ్చు, చెట్టెక్కి కాయలు కోసి దించడం. నలభైకి అటూ ఇటూగా ఉండేవాడు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్విస్తూ ఉండేవాడు. అతను పైన కోస్తుంటే, కింద కాయలు ఏరి కుప్ప పోసేది అతని భార్య తమ్ముడు. పాతికేళ్ళవాడు, పెద్దగా మాట్లాడేవాడు కాదు. చిన్నప్పుడే తండ్రి పోతే అక్కా బావే పెంచారట. బావ చెట్టు మీదుంటే వాడు తల పైకెత్తే ఉంచేవాడు. మెడ నొప్పెట్టదూ అంటే, "మా బావ దిగేదాకా నాకు నొప్పి తెలవదండి" అన్నాడొకసారి.

మొదటిసారి దింపుకి వచ్చినప్పుడు అతను మంచినీళ్ళ కోసం బురద కాళ్ళతో వరండా ఎక్కాడు. నేను ఎంత రభస చెయ్యాలో అంతా చేశాను. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ముందు కుళాయి దగ్గరికి వెళ్ళి, వంగి, మడమలు సహా రుద్ది కడుక్కుని, రెండు పాదాలూ నాకు చూపించి మరీ మెట్టెక్కేవాడు.

"చూడండమ్మగారు, పేసయిపోయేనాండి?"

"పాసే, రా."

"చెట్లక్కూడా ఫినాయిలు రాయించేరేమోనండి, జారిపోతన్నాయి" అనేవాడు. నా బల్ల మీద రెండు బొండాలు పెట్టి వెళ్ళేవాడు.

ఆ రోజు ఉదయం జిల్లా నుంచి తనిఖీకి వస్తున్నారు. వారం రోజులుగా నేను నిద్రలో కూడా గోడలు తోముతున్నాను. ప్రమాదాలకి వాడే మంచం మీద కొత్త తెల్లదుప్పటి పరిపించాను. ముడతల్లేకుండా నేనే చేత్తో లాగాను. తెల్లవారుజామున వాన కురిసింది. తుడిచిన వరండానే మూడోసారి తుడిపిస్తున్నాను. పదకొండు కావస్తోంది.

గేటు దగ్గర బండి ఆగింది. బావమరిది నడుపుతున్నాడు, వెనక అతను. అతను దిగాడు. నడుం మీద చెయ్యి వేసుకుని, కొంచెం పక్కకి ఒరిగి, లోపలికి నడిచి వచ్చాడు. అధికారుల కార్లు వస్తాయని వాచ్‌మన్ బండిని లోపలికి రానివ్వలేదు. దాన్ని రోడ్డవతల పెట్టడానికి ఆ కుర్రవాడు వెళ్ళాడు. గేటు నుంచి వరండాకి ముప్పై అడుగులుంటాయి. ఆ ముప్పై అడుగులూ నేను చూశాను. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

"ఏమయ్యా, ఏమైంది?"

"ఏం లేదండమ్మగారు. చెట్టు మీంచి కొంచెం జారేనండి. నడుం పట్టేసినట్టుందంతే. ఓ సూదేయించుకుని పోదామనండి."

"కొంచెం జారడమేంటి? ఎక్కణ్ణించి?"

"ఆయ్, మొవ్వు కిందనించండి."

మొవ్వు అంటే చెట్టు తల. మొవ్వు కిందనుంచి అంటే చెట్టంత ఎత్తు నుంచి. వానకి నాచు పట్టిన చెట్టు మీంచి అంత ఎత్తునుంచి జారి, ఎవరిదో తోటలో నీళ్ళు పారే బోదె గట్టు మీద కూర్చున్నట్టుగా పడ్డాడు. నర్సింగ్ మొదటి సంవత్సరం పిల్లకి కూడా తెలుసు, అలా పడ్డ మనిషి నడిచి వచ్చినా నడవనివ్వకూడదని. నాకూ తెలుసు. నాకు తెలిసినంత బాగా ఆ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. కానీ నా కళ్ళు అతని మొహం మీద లేవు, కాళ్ళ మీద ఉన్నాయి. మోకాళ్ళ దాకా బురద. అవతల కొత్త తెల్లదుప్పటి.

"ఆ కాళ్ళతో మంచమెక్కకు. వెళ్ళి కడుక్కుని రా" అన్నాను.

"ఆయ్" అన్నాడు.

ఎప్పటిలాగే కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నేను వెనక్కి తిరిగి దుప్పటి అంచు సర్దుతున్నాను. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. నీళ్ళు పడుతున్నాయి. ఆ తర్వాత బకెట్ దొర్లింది. ఆ తర్వాత అతని గొంతు. అరుపు కాదు. ఎవరినో చిరునామా అడిగినంత మామూలుగా ఉంది.

"అమ్మగారండీ, నా కాళ్ళు తెలవటం లేదండి."

పరుగెత్తాను. గచ్చు మీద పక్కకి పడి ఉన్నాడు. కుడిపాదం తెల్లగా కడిగి ఉంది. ఎడమపాదం ఇంకా బురదలోనే ఉంది. గోరుతో గిల్లాను, అతను నా మొహమే చూస్తున్నాడు. గిల్లుతున్నానని అతనికి తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చాయి నాకు చదువుకున్న చదువంతా, బల్లా, మెడపట్టీ, నలుగురు కలిసి ఒక్కసారిగా ఎత్తడం, అన్నీ. అన్నీ పద్ధతిగానే చేశాం. మంచం మీద పడుకోబెట్టాం. ఎడమపాదం బురద ఆ తెల్లదుప్పటికి అంటింది. దాన్ని చూసి నాకేమీ అనిపించలేదు.

బావమరిది అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. బావని చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఇప్పుడే గదండి నడిచొచ్చేడు" అన్నాడు.

డ్యూటీ డాక్టరు చిన్నవాడు, ఉద్యోగంలో చేరి రెండు నెలలు. పెద్దాసుపత్రికి పంపడానికి ఉత్తరం రాయాలి, దానికి ముందు ప్రమాదాల రిజిస్టరు రాయాలి. అసలైతే మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే రాయాల్సింది. కాళ్ళ బురదా, దుప్పటీ అంటూ నేను దాన్ని మొదలుపెట్టనే లేదు. పేజీ తెల్లగా ఉంది. ఆ అబ్బాయి నన్ను పక్కకి పిలిచాడు.

"సిస్టర్, మన ఆవరణలో పడిపోయాడని రాస్తే ఇద్దరం పోతాం. కాసేపట్లో కార్లు వచ్చేస్తాయి. తీసుకొచ్చేసరికే కాళ్ళలో చలనం లేదని రాయండి. ఎలాగూ బండి మీద తెచ్చారు కదా."

తప్పంతా ఆ అబ్బాయి మీదకి నెట్టను. అతను నా కొడుకు వయసువాడు. ఒక్కసారి కసిరితే నోరు మూసుకునేవాడు. పెన్ను నా చేతిలో ఉంది. నేనే రాశాను. "మోటారు సైకిలుపై కూర్చోబెట్టి తీసుకువచ్చిరి. వచ్చునప్పటికే రెండు కాళ్ళలో చలనము లేదు." గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా. అదే మాట ఉత్తరంలోకి ఎక్కింది. ఉత్తరంతో పాటు అతను అంబులెన్సు ఎక్కాడు. గంట తర్వాత తనిఖీ జరిగింది. వార్డు శుభ్రత గురించి మెచ్చుకుని, ఇన్‌ఛార్జి సిస్టరెవరని అడిగారు. నేను నమస్కారం పెట్టాను.

పెద్దాసుపత్రిలో ఉత్తరం చదివిన డాక్టరు, విరిగిన వెన్నుతో బండి మీద కూర్చోబెట్టి తీసుకొస్తారా, అందుకే నరం నలిగిపోయింది అన్నాడట. తను చదివిన కాగితాన్ని బట్టి ఆయన చెప్పింది సబబే. ఆ మాట అతని భార్య చెవిన పడింది. వార్డు బయట, జనం మధ్యలో, తమ్ముణ్ణి పట్టుకుని, "బతికుండగానే చంపేవు కదరా" అందట. ఇవి నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది. నడుం కిందనుంచి మళ్ళీ ఏమీ తెలియలేదు.

ఒక్కమాట నిజాయితీగా చెప్పాలి. ఆ కుర్రవాడి తప్పు అసలే లేదని నేననను. పడగానే బొండం కొట్టి తాగించాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా బండెక్కించాడు. గుంతల రోడ్డు మీద అంతదూరం తెచ్చాడు. వెన్ను అప్పటికే చిట్లి ఉండొచ్చు. దాంట్లో బండి ఎంత చేసిందో, నా కుళాయి ఎంత చేసిందో ఏ ఎక్స్‌రేలోనూ కనపడదు. కానీ వాడు చెయ్యగలిగింది చేసి, బావని నా గేటు దగ్గర కాళ్ళ మీద నిలబెట్టాడు. వాచ్‌మన్ చూసినా రికార్డుకి ఎదురు చెప్పడు, ఆ మాట చెప్పగలిగిన బయటి సాక్షిని నేనొక్కదాన్నే.

రెండు నెలల తర్వాత వాడు ఆసుపత్రికి వచ్చాడు. ముసురు పట్టిన రోజు. నేను బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. గేటు దాటి వచ్చి, ఆ కుళాయి దగ్గరే వంగి కాళ్ళు కడుక్కుని, చెప్పులు మెట్ల కిందే వదిలి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాడు కాళ్ళు కడుక్కుంటుంటే నేను తల తిప్పేసుకున్నాను.

"అమ్మగారండీ, మీరు చూసేరు గదండి. మా బావ నడిచే వచ్చేడు గదండి."

నేను బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను.

"మా అక్క నాతో మాట్లాట్టం లేదండి. బావ చెప్తన్నాడండి నడిచేనని. నన్ను ఎనకేసుకొస్తన్నాడంటదండి. కాయితంలో అలా ఉంది, కాయితం అబద్ధమాడుద్దా అంటందండి. ఒక్క ముక్క రాసివ్వండమ్మగారు, నడిచొచ్చేడని. ఎక్కడా పెట్టనండి. మా అక్కకి చూపిస్తానంతే."

"రికార్డులో ఏముందో అదే ఉంటుంది బాబూ. నేను వేరే రాసివ్వకూడదు."

వాడు గట్టిగా అడుగుతాడేమోనని భయపడ్డాను. అరుస్తాడేమోనని కూడా. మన గోదావరివాళ్ళ సంగతి తెలిసిందే కదా, ఎదురు చెప్పరు. "ఆయ్" అన్నాడు. మెట్లు దిగి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాడు మళ్ళీ చెట్టు కిందికి పోలేదట. కొన్నాళ్ళకి గల్ఫ్ వెళ్ళిపోయాడని విన్నాను.

అతని భార్య నెలకోసారి వచ్చేది. వీపు మీద పుళ్ళు పడకుండా ఎలా తిప్పాలో, మూత్రం గొట్టం ఎలా మార్చాలో నేనే నేర్పాను. కట్టు గుడ్డలూ దూదీ ఇవ్వాల్సినదానికంటే ఎక్కువే ఇచ్చేదాన్ని. "మీ రుణం తీర్చుకోలేమండమ్మగారు" అని నా చేతులు పట్టుకునేది. ఒకసారి వాళ్ళమ్మ పోయిందని చెప్పింది. తమ్ముడు వచ్చాడా అని అడిగాను. "రానివ్వలేదండి. ఫోన్లో చూసుకోమన్నాం" అంది. నేను ఇంకో రెండు కట్టలు దూది తీసి సంచిలో పెట్టాను. నాకు చాతనైన ప్రాయశ్చిత్తం అంతే.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఆ శాలువా కప్పించుకున్న మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను.

గుమ్మంలోకి వెలుతురు పడేచోట మంచం వేశారు. అతను పక్కకి తిరిగి పడుకుని, కొబ్బరి ఈనెలు చాకుతో గీస్తున్నాడు. చీపుళ్ళు కట్టడం నేర్చుకున్నాడు. పక్కన కట్టలు పేర్చి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయినట్టు భుజాలు కదిపాడు. ఇప్పటికీ, ఆ స్థితిలోనూ, పెద్దవాళ్ళొస్తే పడుకుని ఉండడం అతనికి తప్పుగానే తోస్తుంది.

"రండమ్మగారు, రండి. మీకోసం ఓ మంచి చీపురు దాచేనండి. ఫినాయిలమ్మగారికి ఇవ్వకపోతే ఎవరికిస్తామండి" అన్నాడు. భార్య కళ్ళతో కసిరింది. "ఏంటండా మాటలు" అంటూ కుర్చీ వేసి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళబోయింది. నేను ఆపాను. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. గేటు నుంచి ముప్పై అడుగులు, కొత్త దుప్పటి, కుళాయి, ఖాళీ పేజీ, నేను రాసింది, తమ్ముడు అడిగితే ఇవ్వనిది. అన్నీ చెప్పాను. డాక్టరు మాట మాత్రం చెప్పలేదు. రాసింది నేను.

ఆవిడ మొగుడి వంక తిరిగింది.

"కాళ్ళు కడుక్కోమన్నారని నాకు ఎప్పుడూ చెప్పలేదేంటండి?"

అతను చేతిలో ఈనె పక్కన పెట్టాడు.

"నడిచేనని చెప్పేను గదా."

"నడిచేనని చెప్పేరు. కుళాయి కాడ పడ్డానని చెప్పేరా? ఆ మాట చెప్తే నేను నమ్మకపోదునా?"

"చెప్తే అమ్మగారి పేరు రాదా? ఉద్యోగం చేసుకుంటన్నావిడ. బాగోదు గదా."

బాగోదు. ఈ ఒక్క మాటతో మన జిల్లాలో ఎన్ని ప్రాణాలు పోయుంటాయో నాకు తెలుసు. చెట్టు మీంచి పడ్డవాడు బాగోదని లేచి నిలబడతాడు. నొప్పి ఎంతుందంటే బాగోదని కొంచెమే అంటాడు. నా చేత పాడైన మనిషి, బాగోదని నా పేరు దాచి, కన్నబిడ్డలా పెంచిన బావమరిదిని పోగొట్టుకున్నాడు. అందుకే చెబుతున్నాను పిల్లలూ, దెబ్బ తగిలి వచ్చిన మనిషిని బాగానే ఉందా అని అడగకండి. ఆయ్, బాగానే ఉందండీ అంటాడు. ఎంత ఎత్తునుంచి పడ్డావు, వేళ్ళు కదుపు, ఇక్కడ ముట్టుకుంటే తెలుస్తోందా అని అడగండి. వచ్చిన నిమిషంలోనే, మీ కంటితో చూసింది చూసినట్టు రాయండి. ఆ తర్వాత ఎవరొచ్చి ఏం చెప్పినా రాసింది మార్చకండి. మీకు దెబ్బ తగిలితే మాత్రం సిగ్గుపడకుండా కదలకుండా పడుకోండి. ఎవరు, ఎక్కడ, ఏం చేశారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఎదుటివాళ్ళు బాధపడతారని దాచిపెడితే ఆ బాధ ఇంకెవరి మీదో పడుతుంది.

"ఆరేళ్ళండి" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "మా అమ్మ దినాలకి కూడా ఆణ్ణి గుమ్మం తొక్కనివ్వలేదండి. ఆడు పంపిన బట్టలు ఎనక్కి పంపేసేనండి."

నన్ను తిడుతుందని చూశాను. తిడితే నాకు కొంచెం తెరిపిగా ఉండేది. ఆవిడ లోపలికి వెళ్ళింది. గిన్నెల చప్పుడు వినిపించింది. కళ్ళు తుడుచుకుని, కాఫీ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది. "తీసుకోండి, చల్లారిపోద్ది" అంది. ముప్పై మూడేళ్ళలో నేను మింగిన వాటిల్లో అంత కష్టంగా దిగింది ఇంకేదీ లేదు.

మంచం మీంచి అతను నన్ను తేలికపరచడానికి ప్రయత్నం చేశాడు. "మీరు చెప్పకపోయినా కడుక్కునేవోణ్ణేనండి. అలవాటయిపోయింది గదండి. ఇప్పుడు చూడండి, రోజూ మా ఆవిడే కడుగుతాదండి. ఎప్పుడూ పేసేనండి" అని పాదాల వైపు చూపించాడు. నిజంగానే ఆ పాదాలు పసిపిల్లవాడి పాదాల్లా మెత్తగా, తెల్లబారి ఉన్నాయి. వాటికి ఆరేళ్ళుగా మట్టి తగల్లేదు. అతను నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఆవిడ ఫోన్ తెచ్చి నెంబరు నొక్కి, స్పీకరు పెట్టి నా చేతికిచ్చింది. "నేను మాట్లాడలేనండి. మీరే చెప్పండి" అంది. అక్కడ మధ్యాహ్నానికి ముందు వేళేమో, వెనక ఏవో యంత్రాల చప్పుడు. అక్క నెంబరు చూసి వాడు కంగారుపడ్డట్టున్నాడు.

"అక్కా, బావకేమైంది?"

నేనెవరో చెప్పాను. బావ బాగానే ఉన్నాడని చెప్పాను. ఆరేళ్ళ కిందట వాడు అడిగిన మాట చెప్పాను. "మీ బావ నడిచే వచ్చాడు బాబూ. గేటు నుంచి వరండా దాకా నేను చూశాను. కుళాయి దగ్గరికి పంపింది నేను. అక్కడ పడ్డాడు. నువ్వు తెచ్చేసరికి కాళ్ళు బాగానే ఉన్నాయి."

వాడు యంత్రాలకి దూరంగా జరిగినట్టున్నాడు, చప్పుడు తగ్గింది.

"నిజవేనాండి?" అన్నాడు.

"నిజమే బాబూ. నువ్వూ చూశావు కదా."

"చూసేననే అనుకునేవోణ్ణండి. అందరూ అదే మాటంటంటే తర్వాత్తర్వాత నాకే తెలవకుండా పోయిందండి. కళ్ళు మూసుకుంటే నేను మోసుకొచ్చినట్టే కనపడతందండి. కాళ్ళు ఏలాడతన్నట్టు. నిజంగా నడిచేడాండి?"

నేను రాసిన రెండు వాక్యాలు పెద్దాసుపత్రి డాక్టరు చేత, అక్క చేత, ఊరి చేత నమ్మించాయని తెలుసు. కంటితో చూసినవాడి చేత కూడా నమ్మించాయని ఆ రోజే తెలిసింది.

"నడిచాడు" అన్నాను.

"అయితే రాసివ్వండమ్మగారు. అప్పుడడిగేను గదండి. అక్క దగ్గరుంచండి."

ఆవిడ కూతురి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. నా సంతకం కింద ఇప్పుడు ముద్ర లేదు, హోదా లేదు. ఏ ఆఫీసులోనూ చెల్లదు. మంచం పట్టె మీద పెట్టి రాశాను. అక్షరాలు వంకర్లు పోయాయి, రెండుచోట్ల కొట్టివేతలు పడ్డాయి. జీవితంలో అంత అసహ్యంగా ఎప్పుడూ రాయలేదు. ఆవిడ కాగితం తీసుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"ఇతను తన కాళ్ళతో నడిచి వచ్చాడు. ఇతని బావమరిది ఇతన్ని నడిచే స్థితిలో తీసుకువచ్చాడు. కాళ్ళు కడుక్కోమని పంపింది నేను. అబద్ధం రాసింది నేను."

చదవడం అయిపోయింది. అక్కడ యంత్రాల చప్పుడు వినపడుతూనే ఉంది. ఇక్కడ మంచం మీద అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"అక్కా" అన్నాడు వాడు, "ఇంకొక్కసారి చదవ్వా."